మూర్తిగారి పడవ

నలభై పసుపు బస్తాలు పోయాయి. దొంగ ఎవరన్న విషయంలో మేనేజరు వైకుంఠరావుకి రవ్వంత అనుమానం లేదు. గోదాము కావలివాణ్ణి తాడుతో గుంజకి కట్టించి, బరంపురం బడా బజార్ నుంచి వచ్చే షావుకారు సోమేశ్వరరావు కోసం గుమ్మంలో కుర్చీ వేసుకుని కూచున్నాడు. షావుకారు ఒక్కసారి తలూపితే చాలు, కావలివాడి కొలువు ఊడుతుంది, వాడు నేరుగా ఠాణాకి నడుస్తాడు.

"ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నేను పట్టాను" అనుకున్నాడు వైకుంఠరావు.

గంజాం జిల్లా ఇంకా చెన్నపట్నం సర్కారు కింద ఉన్న రోజులవి. ఋషికుల్య నది ఒడ్డునున్న ఆ గోదాముకి వైకుంఠరావు రాజమండ్రి నుంచి మేనేజరుగా వచ్చి రెండు నెలలైంది. మనిషిని చూసి జాతి, జాతిని చూసి గుణం చెప్పగలనని అతని నమ్మకం. అరవవాడు పిసినారి, ఒడియావాడు బద్ధకస్తుడు, గోదావరివాడు మేలిమి బంగారం. ఈ తీర్పు ఇచ్చింది కూడా ఒక గోదావరివాడే లెండి.

అతను వచ్చిన రోజున కావలివాడు అరుగు మీద కూచుని ఉల్లిపాయ నంజుకుంటూ నీళ్లన్నం తింటున్నాడు. "ఓహో, ఒడ్డోడన్నమాట" అని వాణ్ణి ఒడియావాడి కింద తేల్చేశాడు వైకుంఠరావు. రాజమండ్రిలో తన తల్లి రోజూ పొద్దున్నే తినేది కూడా అదేనన్న సంగతి ఆ క్షణాన గుర్తురాలేదు. కావలివాడు లేచి నిలబడి గబగబా ఏదో అన్నాడు. వైకుంఠరావుకి ఒక్క ముక్క అర్థం కాలేదు.

"నీ భాష నాకొద్దు. ఏదైనా చెప్పాలంటే ఒక్క మాటలో చెప్పు. రెండో మాట ఆడావా, పనిలోంచి తీసేస్తాను" అని చేతులు తిప్పుతూ చెవిటివాడికి చెప్పినట్టు చెప్పాడు. పేరేమిటని అడగాలని కూడా తోచలేదు.

మర్నాడు నది వైపు నుంచి "దొంగా, దొంగా" అని కేకలు వినిపించాయి. వైకుంఠరావు దుడ్డుకర్ర పట్టుకుని మోకాలి లోతు బురదలోకి పరుగెత్తాడు. అక్కడ దొంగ లేడు. పడవెక్కడానికి వచ్చిన జనం మాత్రం చాలామంది ఉన్నారు. ఆర్యపల్లి నుంచి ఎండుచేపలు తెచ్చి అమ్మే చిట్టమ్మ బుట్ట దించి మరీ నవ్వింది.

"ఏటి బాబూ, కర్రట్టుకుని పడవని కొడతారేటి? ఒడియావోలు పడవని డొంగా అంటారు. పడవొచ్చీసిందని పిలస్తన్నారు, అంతే" అంది.

ఆ నవ్వు వారం రోజులు ఊళ్లో తిరిగింది. ఇంకెప్పుడూ ఈ మాట దగ్గర బోల్తా పడకూడదని వైకుంఠరావు ఒట్టు పెట్టుకున్నాడు.

ఆ తర్వాత వెంకటరమణమూర్తి పరిచయమయ్యాడు. మల్లెపువ్వు లాంటి పంచె, జరీ కండువా, అచ్చమైన గోదావరి మాట. కొబ్బరి వ్యాపారమట. మధ్యాహ్నం పూట సొంత పడవలో వచ్చి, దాన్ని గోదాము వెనక రేవులో కట్టించి, ముందరి గదిలో కూచుని గంటసేపు పుష్కరాల గురించీ పులస చేప గురించీ మాట్లాడేవాడు. ఎండ తగ్గేదాకా పడవవాళ్లు వెనకవైపు నీడన ఉండేవాళ్లు. పరాయి చోట సొంత యాస వింటుంటే వైకుంఠరావుకి ప్రాణం లేచివచ్చేది. ఆ ఊళ్లో అతను నిజంగానే ఒంటరివాడు, పాపం.

మూర్తి మొదటిసారి వచ్చి వెళ్లబోతుంటే కావలివాడు గుమ్మంలోకి వచ్చాడు. నది వైపు వేలు చూపించి, "దొంగ, బాబూ" అన్నాడు.

మూర్తి మొహం ఎర్రబడింది. వైకుంఠరావు కంగారుపడి, "ఏమీ అనుకోకండి. వీళ్ల భాషలో దానికి పడవ అని అర్థం. మీ పడవ సిద్ధంగా ఉందని చెబుతున్నాడు" అన్నాడు.

మూర్తి ఇద్దరి వంకా మార్చి మార్చి చూసి, కళ్లనీళ్లు వచ్చేదాకా నవ్వాడు.

"ఎంత ముచ్చటైన భాషండీ" అన్నాడు.

అప్పట్నుంచి రోజూ అదే వరస. కావలివాడు వచ్చి "దొంగ, బాబూ" అనేవాడు. "తెలుసులేరా, మూర్తిగారి దొంగ. మంచి దొంగ" అని వైకుంఠరావు తన ఒడియా పాండిత్యం చూపించేవాడు. ఒకరోజు వాడు గట్టిగా "దొంగ, దొంగ, దొంగ" అన్నాడు.

"ఇవాళ మూడు పడవల్లో వచ్చినట్టున్నారే" అన్నాడు వైకుంఠరావు మూర్తితో.

నెలాఖరున చూస్తే నలభై బస్తాలు లేవు. బద్ధకస్తుడు నలభై బస్తాలు ఎలా మోశాడన్న ప్రశ్న వైకుంఠరావుకి రాలేదు. తాడు బిగిస్తుంటే కావలివాడు ఏదో చెప్పబోయాడు. "ఒక్క మాట" అంటూ వైకుంఠరావు వేలు చూపించి గదమాయించాడు. వాడు నోరు మూసుకున్నాడు.

మధ్యాహ్నానికి షావుకారు బండి దిగాడు. గుంజ దగ్గర మనిషిని చూసి ఆగిపోయాడు.

"ఇదేటండి, ఈణ్ణి కట్టీసినారేటి?"

"వీడేనండి దొంగ. ఒడ్డోళ్ల సంగతి మీకు తెలియనిదేముంది?"

"నలభై బస్తాలు ఎలిపోతంటే ఈడు మీకేటీ సెప్పనేదా?"

"రోజూ వచ్చి ఒకటే చెప్పేవాడండి, పడవ వచ్చిందని."

"ఏ మాటతో సెప్పేవోడు?"

"అదేనండి, దొంగ అని. నాకా ఒడియా మాట తెలియదనుకున్నాడేమో" అన్నాడు వైకుంఠరావు కాస్త గర్వంగా.

 షావుకారు వెళ్లి తన చేత్తోనే తాడు విప్పాడు. తర్వాత వచ్చి మేనేజరు కుర్చీలో తను కూచుని, కండువాతో మొహం తుడుచుకున్నాడు.

"వైకుంఠరావుగారూ, మా కావలోడు పైడన్నది టెక్కలి పక్క తెలుగూరు. ఆడికి ఒడియా ఒక్క ముక్క రాదండి."