కంప్యూటర్ జాకెట్

వనపర్తిలో నా అంత తెలివైనవాడు లేడని 2007లో నేను గట్టిగా నమ్మాను. జూనియర్ కాలేజీలో కామర్స్ చెబుతాను. ఇంగ్లిష్ పేపరు చదువుతాను. అంతకంటే ఏం కావాలి?

ఆ పేపర్లోనే చూశాను. ఇకమీదట కంప్యూటర్‌ను బల్ల మీద పెట్టుకోరట, ఒంటికి తొడుక్కుంటారట. కాలర్లో ఫోను, చేతి మడతలో బటన్లు ఉన్న జాకెట్ వేసుకుని ఒక తెల్లాయన నవ్వుతున్నాడు. అవి తయారుచేసే కంపెనీల్లో ఇప్పుడు డబ్బు పెట్టినవాడిదే అదృష్టమని రాశారు. నాకు ఆ పూట అన్నం సయించలేదు.

ఇంటి స్లాబు కోసం దాచిన రెండు లక్షలు బ్యాంకులో ఉన్నాయి. వాటి మీద నా భార్య పద్మజ కన్ను కూడా ఉంది. తనకు కుట్టుపని బాగా వచ్చు. పెద్ద మిషన్ ఒకటి కొనిస్తే స్లాబు తనే వేయిస్తానని ఏడాదిగా అడుగుతోంది.

“మిషన్ కుట్టి మిద్దెలు కట్టినోళ్లను నేనైతే చూడలే,” అని అడిగినప్పుడల్లా కొట్టిపారేశాను.

పద్మజ తమ్ముడు కురుమూర్తికి గద్వాలలో చీరల దుకాణం ఉంది. సరుకు కోసం వారం వారం హైదరాబాదు పోతాడు. అక్కడ షేర్లవాళ్లు కూడా తెలుసంటాడు. డబ్బు సంచిలో వేసుకుని వాడి దగ్గరికే వెళ్లాను. దుకాణం నిండా గిరాకీ. చెవిలో చెప్పాను.

“ఇవి కంప్యూటర్ జాకెట్ల మీద పెట్టు.”

వాడు నోరు తెరిచాడు. “కంప్యూటర్ జాకెట్లా? నువ్వా బావా?”

“ఏం, నాకు తెల్వదనుకున్నవా? ముందుముందు అంత గదే. మీ అక్కకు మాత్రం చెప్పకు.”

వాడి కళ్లు చెమర్చాయి. “ఇన్నొద్దులకు మంచి పని జేస్తున్నవ్ బావా. నా నోట్లకెళ్లి మాట బయటికి రాదు,” అని నా రెండు చేతులూ పట్టుకున్నాడు. నా ముందుచూపుకు మురిసిపోయాడనుకున్నాను.

పద్మజ నా మీద ఆశ వదిలేసి తమ్ముణ్నే పట్టుకుంది. వాడు ఎవరితోనో డబ్బు పెట్టించి, మిషన్ తెచ్చి వరండా పక్క గదిలో దించాడు.

“ఎవడా తిక్కలోడు?” అన్నాను.

“ఎవరైతే ఏంది? సల్లగుండాలె,” అంది.

ఇక ఇంట్లో ఒకటే టకటక. ఆడవాళ్లు వస్తూ పోతూ ఉంటారని ఆ గదిలో నేను అడుగుపెట్టేవాణ్ని కాదు. “జర ఆ మిషన్ ఆపు, షేర్ల వార్తలు ఇనబడ్తలెవ్వు!” అని మాత్రం అరిచేవాణ్ని.

కురుమూర్తి నెలనెలా లాభం పంపేవాడు. షేర్లకు నెలనెలా లాభం రాదని పిల్లలకు పాఠం చెప్పేది నేనే. చేతికొచ్చిన డబ్బును మాత్రం ఒక్క ప్రశ్న కూడా అడగలేదు. స్టాఫ్‌రూంలో ఉపన్యాసాలు దంచాను. లెక్కలు చెప్పే మునవ్వర్ చాయ్ చల్లారబెట్టుకుని మరీ వినేవాడు.

మరుసటేడు దసరా దాటగానే లోకమంతా షేర్లు కుప్పకూలాయి. టీవీలో ఎర్ర అంకెలు చూసి నాకు చెమటలు పట్టాయి. వేయకుండానే నా స్లాబు కూలిపోయింది. ఫోన్ అందుకున్నాను.

“కురుమూర్తీ, అమ్మెయ్! ఉన్నకాడికి అమ్మెయ్!”

“ఏమైంది బావా? దీపావళి గిరాకీ ముంగటున్నది. గిప్పుడమ్ముతె ఎట్ల? అక్క...”

“అక్క ముచ్చట తేకు! అమ్ముతవా లేదా?”

“నీ ఇష్టం బావా. పైసలు నీయి,” అని పెట్టేశాడు.

నాలుగో రోజుకల్లా డబ్బు చేతికొచ్చింది. రెండు లక్షలకు పదివేలే తక్కువ! ఊళ్లోవాళ్లంతా మునిగితే నేనొక్కణ్నే ఒడ్డునపడ్డాను. కిలో మైసూర్‌పాక్ కొని స్టాఫ్‌రూంలో పంచాను. మిగిలింది పట్టుకుని ఇంటికొచ్చి టీవీ పెట్టాను.

ఆ రోజు వార్తలు ఎంత స్పష్టంగా వినిపించాయో!

పద్మజ పక్క గది గడపలో కూర్చుని ఉంది. ఒళ్లో మిషన్ పువ్వులు సగమే పడ్డ జాకెట్ గుడ్డ. కళ్లు ఉబ్బి ఉన్నాయి.

“ఏమైందే?” అన్నాను, మైసూర్‌పాక్ నములుతూనే.

“నా కంప్యూటర్ జాకెట్ల మిషన్ మీద పైసలు పెట్టిన మారాజుకు ఏం కష్టమొచ్చిందో, ఉన్నకాడికి అమ్మెయ్‌మని తమ్మునికి ఫోన్ చేసిండంట.”