మొహం తిప్పుకునే మర్యాద

ఆవిరిగదిలో దబ్బుమని చప్పుడైంది.

పడింది గోడవారగా కూర్చునే పెద్దాయన. తలుపు పక్కన కూర్చున్న వెన్-పిన్ అందరికంటే ముందు చూశాడు. సగం లేచి అలాగే ఆగిపోయాడు. ఆ మనిషి పెదవులు నీలంగా మారుతున్నాయి.

"పిన్నీ, ఇలా రా, తొందరగా," అని ఎవరో కేకేశారు.

పిన్ని అంటే ఈ స్నానశాల యజమాని. అరవై దాటిన మగమనిషి. బట్టతల, ఒక చెవికి ముత్యం. మగవాళ్లను ప్రేమించే మగవాళ్లకు తైపేలో చోట్లకు కొదవలేదు గానీ, జుట్టు నెరిసినవాళ్లను కూడా టీ పోసి కూర్చోబెట్టేది పిన్ని ఒక్కడే.

నలుగురూ పట్టి పెద్దాయన్ని విశ్రాంతి గదిలోకి మోసుకొచ్చారు. ఊపిరి ఉందా లేదా అన్నట్టుంది.

"అంబులెన్సు వస్తోంది," అన్నాడు పిన్ని. "ఇంతకీ ఈయన పేరేంటి? ఎవరికైనా తెలుసా?"

ఇక్కడ పేర్లుండవు. బయట పక్కింటివాడే అయినా, లోపల కనబడితే మొహం తిప్పుకుని పోవడమే మర్యాద. ఇన్నేళ్లుగా ఎన్ని కాపురాలు, ఎన్ని ఉద్యోగాలు ఆ మర్యాద మీద నిలబడి ఉన్నాయో లెక్కలేదు.

పిన్ని పెద్దాయన మణికట్టుకున్న తాళంచెవితో లాకర్ తెరిచి చూశాడు. గొడుగు, బట్టలు, కాస్త చిల్లర, తెరుచుకోని ఫోను. అంతే. ఇక్కడికొచ్చేవాళ్లెవరూ పేరున్న కార్డు జేబులో పెట్టుకురారు.

"చచ్చాం పో," అన్నాడు పిన్ని. "పేరూ ఊరూ లేని మనిషని తెలిస్తే వెనకాలే పోలీసులు దిగుతారు. ఒక్కొక్కణ్ణీ నిలబెట్టి అడుగుతారు."

ఆ మాటతో గది సగం ఖాళీ అయింది. తడి ఒంటి మీదే చొక్కాలు తొడిగేస్తున్నారు. ఒకాయన ఎవరి చెప్పులో వేసుకుని మెట్లు దిగిపోయాడు. వాళ్లననుకుని లాభం లేదు, భయం అలాంటిది.

వెన్-పిన్‌కూ పారిపోవాలనే ఉంది. కళ్లద్దాల దుకాణం ఉంది, భార్య ఉంది, పెళ్లి కుదిరిన కూతురు ఉంది. బుధవారం మధ్యాహ్నాలు చదరంగం ఆడుకుంటున్నాడని ఇంట్లో నమ్మకం. నోరు విప్పితే ఆ ఇల్లు ఇక ఇల్లుగా ఉండదు. విప్పకపోతే ఈ మనిషి ఇక్కడే పోయేలా ఉన్నాడు. రెండు భయాలూ చెరోవైపు పట్టుకుని లాగుతున్నాయి.

"ఎవరో ఒకరు చుట్టమని చెప్పి వెంట వెళ్లండర్రా," పిన్ని బతిమాలాడు. "ఒక్క అబద్ధం. నేనే వెళ్దును గానీ, నా వాలకం చూడగానే వాళ్లకు సంగతంతా అర్థమైపోతుంది."

"నేను వెళ్తాను," అన్నాడు వెన్-పిన్. తన గొంతు తనకే కొత్తగా వినబడింది.

పిన్ని తెల్లబోయాడు. "నువ్వా? ఆయన అటొస్తే నువ్విటు పోతావు కదయ్యా. ఏం పగో ఏమో, ఒకరి మొహం ఒకరు చూడగా నేనెన్నడూ చూడలేదు. పోనీ రోజన్నా మార్చుకుంటారా అంటే అదీ లేదు."

వెన్-పిన్ చొక్కా తొడుక్కున్నాడు. గుండీలు ఒకదాని బదులు ఇంకోటి పెట్టుకున్నాడు. పిన్నే సరిచేశాడు.

"సరే విను. తమ్ముణ్ణని చెప్పు. ఈ గుడ్డి వెలుతురులో ముక్కులు కాస్త కలుస్తాయిలే. ఎక్కువ మాట్లాడకు, దొరికిపోతావు."

అంబులెన్సుతో వచ్చినది చిన్నవయసు అమ్మాయి. పెద్దాయన మొహానికి ఆక్సిజన్ తగిలించి, "ఈయన తాలూకు ఎవరండీ?" అంది.

"నేనే. తమ్ముణ్ణి."

"పేషెంటు పేరు?"

"లియావ్ వెన్-షియాంగ్."

"మీ పేరండీ?"

మిగిలినవాళ్లందరూ వింటున్నారు. ఈ గోడల మధ్య తన పేరు ఇంతవరకూ ఎవరికీ చెప్పలేదు.

"లియావ్ వెన్-పిన్," అన్నాడు.

"జబ్బులేమన్నా ఉన్నాయా?"

"కిందటేడు గుండెకి స్టెంటు వేశారు. పెన్సిలిన్ పడదమ్మా, ఒంటి నిండా దద్దుర్లొస్తాయి."

పిన్ని మొహం పాలిపోయింది. స్ట్రెచర్ మెట్లు దిగుతుంటే వెన్-పిన్‌ని రెక్క పట్టుకుని పక్కకు లాగాడు.

"మతిగానీ పోయిందా నీకు? పేరుకి పేరు చక్కగా అతికావు, మెచ్చుకుంటాను. నోటికొచ్చిన రోగాలు కూడా అతకమన్నానా? నీ మాట నమ్మి వాళ్లు అసలు మందు మానేస్తే మనిషి పోతాడు నాయనా. తెలియదని చెప్పు. ఇప్పుడే వెళ్లి చెప్పు."

వెన్-పిన్ చెయ్యి విడిపించుకుని పరుగెత్తాడు.

బండి తలుపు మూసుకుంది. సైరన్ మొదలైంది. వీధి మలుపు తిరుగుతుండగా పెద్దాయన కళ్లు తెరిచాడు. పక్కనున్నదెవరో చూశాడు. చూసి, అలవాటు కొద్దీ మొహం అటు తిప్పేసుకున్నాడు.

వెన్-పిన్‌కు ఏడుపొచ్చింది. ఆయన చేతిని గట్టిగా పట్టుకుని, రెండో చేత్తో ఫోను తీసి నంబరు నొక్కాడు.

"అమ్మా, కంగారుపడకు, ఆసుపత్రికి తీసుకెళ్తున్నాం, అన్నయ్య పక్కన మొదట్నుంచీ నేనున్నాను."