తెమడ డబ్బా

“మళ్లా అచ్చినవా! మా ఇంట్ల టీబీ గీబీ లేదు, పో!”

తిరుపతమ్మ తలుపుకు అడ్డంగా నిలబడింది. ఇది మూడో రోజు. చేతిలో ప్లాస్టిక్ డబ్బాతో నిజామాబాద్ ఆసుపత్రి ఆడమనిషి పొద్దున్నే రుద్రూర్ బస్సు దిగి వాకిట్లో హాజరు!

“టీబీ కాదక్కా. మీ ఇంటాయన నర్సన్న ముప్పై ఏండ్ల సంది బీడీ తాగుతుండు. తెమడల జీన్లు సూసే పరీక్ష గిది. ఊపిరితిత్తులల్ల క్యాన్సర్ ఉంటే మొదట్లనే ఎరుకైతది.”

“తెమడ అడుగుతున్నవంటే టీబీ కాక ఇంకేంది?”

వాడలో అందరిదీ అదే లెక్క. చెరుకు కొట్టే జట్టంతా ఒక్క కుండలో వండుకు తింటుంది. టీబీ అన్న మాట బయటపడిందా, నర్సన్న పక్కన ఎవడూ కూర్చోడు. జట్టు వెలేస్తే సీజన్‌లో పనే ఉండదు. తిరుపతమ్మ భయమంతా అదీ.

లోపల నర్సన్న దగ్గుతూనే ఉన్నాడు.

“డబ్బా గీడ పెట్టి పో. రేపు ఇస్తం.”

“నా ముందటనే ఊంచమను అక్కా. పొద్దుగాల లేవంగనే, గట్టిగ దగ్గి...”

“మొగోడు నీ ముందట కాండ్రిస్తడా? సిగ్గులేదా నీకు!”

ఆమె డబ్బా మీద నర్సన్న పేరు రాసి అరుగు మీద పెట్టింది.

“గిండ్ల నర్సన్న తెమడనే ఉండాలె అక్కా,” అంటూ వెళ్లిపోయింది.

తిరుపతమ్మకు ఒళ్లు మండిపోయింది. ఏం మనిషో, జలగలా పట్టుకుంది!

తనకు నాలుగు రోజులుగా జలుబు. ఇంకేం? తెల్లారి నర్సన్న లేవకముందే పెరట్లోకి పోయి, గట్టిగా దగ్గి, డబ్బాలో ఊంచి మూత బిగించేసింది. పరీక్ష కాగితం శుభ్రంగా వస్తుంది, పీడా విరగడవుతుంది.

అలాగే వచ్చింది. భయం లేదని రాసి ఉంది. నర్సన్న బీడీ ముట్టించి మరీ నవ్వాడు.

తిరుపతమ్మ అంతటితో ఊరుకుందా! టీబీ పేరుతో ఇండ్లు ఆగం చేస్తోందంటూ సర్పంచ్‌తో ఆసుపత్రికి ఫోన్ చేయించింది. ఆ మనిషి మళ్లీ ఆ ఊళ్లో బస్సు దిగలేదు.

పదకొండు నెలలకు నర్సన్న నెత్తురు కక్కాడు.

నిజామాబాద్ ఆసుపత్రిలో డాక్టర్ పాత కాగితాన్నీ కొత్త స్కాన్‌నూ పక్కపక్కన పెట్టి చూశాడు.

“అప్పుడే దొరకాల్సింది. ఇప్పుడు చేసేదేం లేదమ్మా. ఇంటికి తీసుకెళ్లండి.”

తిరుపతమ్మ గుండె పగిలిపోయింది. ఎవరికి చెప్పుకోవాలి? మొగుడి ముఖం చూసి చెప్పగలదా? ఆ ఒక్క మనిషి కాళ్ల మీద పడి ఏడవాలనిపించింది. కింద ల్యాబ్‌కు ఉరికింది.

“డబ్బాలు తెచ్చే అక్క యాడుంది బిడ్డా?”

“నిరోషక్కనా?” ల్యాబ్‌లో పనిచేసే అనిల్‌కుమార్ తలెత్తాడు. “ఏదో ఊరి నుంచి కంప్లైంటు అస్తే మానిపిచ్చిండ్రు అవ్వా. జీతం గూడ లేకుంట ఇందల్వాయి నుంచి అచ్చేది. పెనిమిటి క్యాన్సర్‌తోటి పోయిన సంది గదే పని ఆమెకు.”

“గా డబ్బాల... మా ఆయనది కాదు... నేను...”



అనిల్‌కుమార్ చేతిలో పని పక్కన పెట్టాడు. 

“నిరోషక్క గూడ గంతే అవ్వా,” అన్నాడు మెల్లగా. “పెనిమిటి డబ్బాల తనే దగ్గి ఇచ్చింది.”