పదకొండో అంతస్తు సరుకులు

గవర్నరుపేటలో ఇరవై అంతస్తులు కడతామన్న భవనాన్ని ఆరింటితో ఆపేశారు. నాంచారమ్మకు కేటాయించిన ఇల్లు పదకొండో అంతస్తులో. పేట మొత్తానికి మిగిలిన ఒకే కొట్టు ఆ భవనం కిందే ఉంది, సరుకులు మాత్రం ఎవరింటి గుమ్మంలో వాళ్ళకే ఇస్తుంది. ప్రతి శనివారం కొట్టు డ్రోన్ ఆమె బియ్యం, కందిపప్పు మోసుకెళ్ళి, గుమ్మం ఉండాల్సిన చోట గాలిలో ఆగుతుంది.

"ఇదుగో, ఇక్కడున్నా నాయనా! కిందికి దిగు!" అని నాంచారమ్మ ఈసారీ రోడ్డు మీంచి సంచీ చాపి అరిచింది.

డ్రోన్ మూడుసార్లు గంట కొట్టి, సరుకులతో సహా కొట్టులోకి వెళ్ళిపోయింది. ఇళ్ళు కేటాయించే ఆఫీసు నుంచి ఆమె ఫోన్ పలికింది: "మీరు ఇంట్లో ఉండటం లేదు. ఇల్లు వేరొకరికి ఇచ్చేశాం."

మరుసటి శనివారం ఎవరో ముసలాయన కొత్త సంచీతో వచ్చి, "పదకొండో అంతస్తు ఎక్కడమ్మా?" అని అడిగాడు.

నాంచారమ్మ పైకి చూపించి, పక్కకు జరిగి చోటిచ్చింది.