‘నిజంగా’ అన్నాడంటే

“మీ ఓడ నా రేవులోకి రాదని మాటివ్వండి,” అంది లెక్కల టీచరు.

“రాదు. నిజంగా రాదు,” అన్నాడు ఆవిడ మొగుడు, బోర్డు మీంచి తలెత్తకుండా. ఆయన సిటీ బస్సు డ్రైవరు. మూడో ఆటగాడు ఆవిడ తమ్ముడు.

ఈ ఆటలో పాచికలుండవు. బోర్డు మీద రేవులు, కోటలు, దీవులు, మూడు రంగుల ఓడలు, బోలెడన్ని మాటలు, అంతే. ముందు ఒకరితో ఒకరు పొత్తు కుదుర్చుకోవాలి. తర్వాత తమ ఓడ ఎటు వెళ్తుందో చూపే బాణం బిళ్ళని బోర్లా పెట్టి, అందరూ ఒక్కసారే తిప్పాలి. మొదటి ఎత్తులో ఎవరిని నమ్మామన్నదాని మీదే సగం ఆట తేలిపోతుంది.

తిప్పారు. మొగుడి ఓడ తిన్నగా ఆవిడ రేవులోకే వచ్చింది.

మామూలుగా అయితే ఇల్లు ఎగిరిపోయేలా అరిచేది. ఇవాళ అరవలేదు. ఆయన మెడ మీద గడ్డకి చేసిన పరీక్ష ఫలితం ఇవాళే వచ్చింది. మధ్యాహ్నం బావా బావమరుదులిద్దరూ ఆస్పత్రికి వెళ్ళొచ్చారు. ఏమన్నారని ఆవిడ అడగలేదు. అడిగితే చెప్పేస్తారేమోనని భయం. తమ్ముడు బోర్డు పరిచేసరికి, అదే పదివేలనుకుని కూర్చుంది.

మొగుడు మంచినీళ్ళ కోసం లేచాడు. తమ్ముడు ఆవిడ చెవి దగ్గరికి వంగాడు.

“అక్కా, ఇన్నేళ్ళు కాపురం చేసి ఇది కనిపెట్టలేదా? బావ అబద్ధమాడితే ‘నిజంగా’ అంటాడు. ఆ మాట లేకపోతే నిజమే చెబుతున్నట్టు. నేను ఆయన మీద గెలిచేది అలాగే.”

“పోరా, కోతలు కొయ్యకు.”

“నువ్వే చూసుకో.”

చూసింది. “నీ కోట జోలికి రాను,” అన్నాడు మొగుడు. రాలేదు. “నీ దీవికి సాయం పంపుతా, నిజంగా,” అన్నాడు. పంపలేదు సరికదా, ఆ దీవినే మింగబోయాడు. ఆవిడ ముందే కాపలా పెట్టుకుంది కాబట్టి సరిపోయింది. ఆ తర్వాత ఆయన నోట ఆ మాట వచ్చినప్పుడల్లా తమ్ముడు దగ్గాడు, ఆవిడ నవ్వు ఆపుకుంది. చివరికి మొగుడికి ఒక్క ఓడా మిగల్లేదు.

“అక్కాతమ్ముళ్ళు కలిసి నన్ను నట్టేట ముంచారు,” అని గొణిగాడాయన.

గెలిచిన నవ్వు ఆవిడ మొహం మీద ఎంతోసేపు నిలవలేదు. ఆట అయిపోయింది. ఇక తప్పించుకోవడానికి ఏమీ లేదు. మొగుడి వైపు చూసింది.

“ఏమండీ... డాక్టరుగారు ఏమన్నారు?”

‘నిజంగా’ అన్న ఆ ఒక్క మాట వినపడకూడదని మొక్కుకుంది.

“ఏముంది? ఉత్త కొవ్వుగడ్డేనట. దాని మానాన దాన్ని వదిలెయ్యమన్నారు.”

“అంతేనా?”

“అంతే.”

ఇంకాసేపు ఎదురుచూసింది. ఆ మాట రాలేదు. ఆవిడ కళ్ళ వెంట నీళ్ళు జలజలా రాలాయి. “రాగానే చెప్పొచ్చుగా! ప్రాణాలు అరచేతిలో పెట్టుకుని కూర్చున్నాను,” అని ఆయన భుజం మీద ఒక్కటిచ్చి, మొహం కడుక్కోవడానికి లోపలికి వెళ్ళింది. కుళాయి చప్పుడుతో పాటు కూనిరాగం వినిపించింది.

తమ్ముడు ఓడల్ని పెట్టెలో సర్దుతూ గొంతు తగ్గించాడు. “పాచిక పారింది బావా. ఆస్పత్రి మెట్ల మీద అనుకున్నట్టే, ‘నిజంగా’ ఒక్కటి కూడా తప్పు చోట పడలేదు.”

మొగుడు మెడ మీద గడ్డ తడుముకున్నాడు.

“ఆపరేషన్ సంగతి రేపు చెబుదాంరా. ఈ ఒక్క రాత్రయినా మీ అక్కని కంటినిండా నిద్రపోనీ. నాకే భయంగా ఉంది... నిజంగా.”