తొక్కని నేల

"అమ్మా, తప్పుకోండి. సార్ ఆర్డరు," అన్నాడు దుంగలు లాగే యంత్రం మీద కూర్చున్న డ్రైవరు.

మట్టిని పరిశోధించే ఆమె కదల్లేదు. వాన పడి నేల మెత్తగా ఉంది. యంత్రం చక్రానికీ ఆమె వెనక కంచె వేసి ఉన్న అడవి ముక్కకీ మధ్య బారెడు దూరం. ఇరవై ఏళ్లుగా ఆ ముక్కలో రాలిన ఆకు ఎవరూ ఏరలేదు, బండి తిరగలేదు. పక్క ముక్కలో ఆకులు ఊడ్చేసి, బళ్లు తిప్పారు. ఏ నేల ఎంత కాలం చెట్లను సాకగలదో పోల్చి చూడాలి. ఆఖరి మట్టి నమూనా ఇంకా తీయనే లేదు.

ఆమె అటవీ అధికారికి ఫోన్ చేసింది. ఆయన సొంత అన్న.

"అన్నయ్యా, బండి ఆపించు. నీ కాళ్లు పట్టుకుంటా."

"కొట్టేది చెట్లనే కదే! నీ మట్టి ఎక్కడికి పోతుంది?"

"చెట్టు పోతే ఇంకోటి మొలుస్తుంది. తడి నేల మీద బండి ఒక్కసారి ఎక్కిందా, నేల బిగుసుకుపోతుంది. మన పిల్లలు ముసలాళ్లయినా కోలుకోదు!"

"పైవాళ్లు నా నెత్తినెక్కి కూర్చున్నారమ్మా. నా చేతుల్లో ఏం లేదు." ఫోన్ పెట్టేశాడు.

యంత్రం గుర్రుమంది. ఆమెకు ఇంకేం తోచలేదు. చక్రం ముందు బురదలో పడుకుంది.

డ్రైవరు కిందికి దూకాడు. "ఏంటమ్మా ఇది! పిల్లలు గలవాణ్ణి, నా కొంప ముంచకండి!"

"నా మీదుగానే పోనీ బాబూ. ఇది పోయాక నేనుండి ఎవర్ని ఉద్ధరించాలి?"

అతను ఫోన్ తీశాడు. "సార్, మీ చెల్లెలుగారు చక్రం కింద పడుకున్నారు!"

ఆమె కళ్లు గట్టిగా మూసుకుంది. ఇంజను హోరు తప్ప ఇంకేమీ వినపడటం లేదు. ఉన్నట్టుండి ఆ హోరు ఆగింది. ఎవరో రెక్క పట్టుకుని లేపారు. అన్నయ్య!

"లేవే పిచ్చిదానా! ఉద్యోగం పోతే పోయింది, ఆర్డరు ఆపేశా. ఇక నీ మట్టి మీద ఈగ కూడా వాలదు."

ఆమె అన్నను వాటేసుకుని వెక్కివెక్కి ఏడ్చింది. "ఇంత తొందరగా ఎలా వచ్చావన్నయ్యా?"

"రోడ్డంతా చుట్టి వచ్చేదాకా ప్రాణం నిలుస్తుందటే? కంచె గుద్దేసి, నీ చెట్ల మధ్యలోంచి తిన్నగా జీపు తోలుకొచ్చేశా. అదిగో, కాపలావాళ్ల లారీ కూడా నా వెనకే వచ్చేస్తోంది!"