బుజ్జికి పదిహేడు గంటలు

రేడియో మీద నల్లగుడ్డ కప్పించింది రాహేలే. కరీముల్లా సైకిల్ షాపు ముందు పాతికమంది పిల్లలు వెక్కివెక్కి ఏడుస్తున్నారు. ఎవరో కాగితంతో రాకెట్ చేసి, దానికి బంతిపూల దండ వేసి రేడియో ముందు నిలబెట్టారు.

రేడియో నాటిక 'నింగినావ'లో బుజ్జి చచ్చిపోయాడు.

ఆదివారం సాయంత్రం నాలుగున్నరకి నాటిక రావాలి. రాలేదు. పిల్లల కార్యక్రమం నడిపే రేడియో మావయ్య మాట్లాడాడు. "పిల్లలూ, మన బుజ్జి ఇక లేడర్రా. నిన్న జబ్బుచేసి వెళ్లిపోయాడు. ఈవేళ నాటిక వెయ్యలేం. సంగతులన్నీ రేపటి పేపర్లో వస్తాయి." అంతే. ఆ తరవాత వీణ.

"పైన చచ్చిపోయాడా నాన్నా, కిందా?" అంది కరీముల్లా కూతురు ఖదీజా.

బందరులో ఆ నాటిక వినని పిల్లలు లేరు. నాలుగేళ్లుగా చంద్రమండలం దాటి చుక్కల్లో తిరుగుతున్న పన్నెండేళ్ల కుర్రాడు బుజ్జి. నాటికలో ఎవరెవరు మాట్లాడారో రేడియోవాళ్లు ఎప్పుడూ చెప్పరు. రాహేలుకి చెప్పక్కర్లేదు. మొదటి ఆదివారమే పోల్చుకుంది, అది తన కొడుకు ఆనందరావు గొంతని.

ఐదేళ్ల కిందట, నాటకాల పిచ్చిలో బడి ఎగ్గొడుతున్నాడని చింతబరికెతో బాదింది. మర్నాడు రైలెక్కేశాడు. గుడివాడ స్టేషన్లో నాటకాలవాళ్ల పెట్టె మోస్తూ కనిపించాడని శనగలమ్మే వెంకటాద్రి చెప్పాడు. ఆ తరవాత కబురు లేదు. ఆ ఏడాదంతా కృష్ణలో ఎవరిదో శవం తేలిందంటే చాలు, హంసలదీవి దాకా పరుగెత్తింది రాహేలు.

అప్పుడొచ్చింది ఆ గొంతు. ప్రతి ఆదివారం నాటిక చివర బుజ్జి వైర్‌లెస్‌లో భూమ్మీదున్న తల్లితో మాట్లాడేవాడు. "అమ్మా, క్షేమంగా ఉన్నాను. అన్నం తిన్నాను. నువ్వు బెంగపెట్టుకోకు."

"ఏం కూరతో తిన్నావురా?" అనేది రాహేలు, షాపు మెట్టు మీద కూచుని. పిల్లలు కిసుక్కున నవ్వేవారు.

క్షేమమని విన్నా ఆమెకి భయమే. రాకెట్‌కి తోకచుక్క ఎదురొచ్చిన వారం ముద్ద దిగలేదు. పోయిన నెల బుజ్జి గొంతు కాస్త బరువెక్కితే శొంఠి, మిరియాలు పొట్లం కట్టి రేడియో స్టేషన్‌కి పోస్టు చేసింది. తిరుగుటపాలో కార్డొచ్చింది. 'మీ అభిమానానికి నమస్కారాలు. బుజ్జి.' అమ్మా అని రాయలేదు. వెధవకి ఇంకా కోపం పోలేదు అనుకుని బైబిల్లో దాచుకుంది.

ఎదురింటి సత్యవతమ్మ ఊరుకునేది కాదు. "ఏమే రాహేలూ, పదిహేడొచ్చినా మీవాడి గొంతు ఇంకా లేతగానే ఉందేంటే?"

"వాళ్ల నాన్నకీ ఆలస్యంగానే మారింది లెండి."

ఇప్పుడా గొంతు లేదు.

"నన్ను మోసం చేశాడు తమ్ముడూ," అంది రాహేలు కరీముల్లాతో. కళ్లలో నీళ్లు లేవు. "వారం వారం క్షేమం, క్షేమం అన్నాడు. మంచాన పడి కూడా అన్నం తిన్నానన్నాడు. ఒక్క మాట చెబితే వెళ్లి ఎత్తుకొచ్చుకునేదాన్నిగా! కన్నతల్లిని ఇంత నమ్మించి చంపుతాడా ఎవడైనా?"

"రేపు పేపరు రానీ అక్కా."

చావింట పొయ్యి వెలగకూడదని కరీముల్లా భార్య నాగూర్ బీ గిన్నెలో అన్నం, పప్పుచారు తెచ్చింది. "రెండు ముద్దలు తిను వదినా."

"వాడు తిన్నాడో లేదో..." అని అలవాటుగా మొదలుపెట్టి, ఆగిపోయింది రాహేలు.

తెల్లారి తెల్లచీర కట్టుకుని పాస్టరుగారింటికి వెళ్లింది. వాళ్ల చర్చిలో ఎవరు పోయినా, పోయినవాళ్లకి ఎన్నేళ్లో అన్ని గంటలు కొడతారు.

"మావాడికి పదిహేడు కొట్టించండి అయ్యగారూ."

"శవం లేదు, తంతి లేదు. కబురు రూఢి కానీవమ్మా."

"రేడియో అబద్ధమాడుద్దాండీ?"

ఆయన గంట కొట్టేవాణ్ణి పిలిచారు. గంట మోగింది. పిల్లలు చర్చి గోడ పట్టుకుని వరసగా నిలబడ్డారు. సత్యవతమ్మ కూడా వచ్చి, కొంగు నోటికి అడ్డంపెట్టుకుని ఓ పక్కన నిలబడింది. రాహేలు పన్నెండు దాకా వేళ్లమీద లెక్కపెట్టింది. ఆపైన అయిదూ ఆమె చూడని ఏళ్లు. చెవులు మూసుకుంది.

పదిహేడో గంట ఆగేసరికి కరీముల్లా గేటు దగ్గర సైకిలు దిగాడు. చంకలో పేపరుంది. మొహం అదోలా ఉంది.

"ఫొటో వేశారా తమ్ముడూ?"

"వేశారక్కా. ఇంటికెళ్లి చూద్దువుగాని, పద."

"ఇలా ఇవ్వు. ఐదేళ్లయింది మొహం చూసి. మీసం కూడా వచ్చుంటుంది."

కరీముల్లా ఇవ్వలేదు. ఆమే లాక్కుంది. మడత విప్పింది.

నల్లగీతల చట్రంలో, 'మన బుజ్జి' అన్న పెద్దక్షరాల కింద, నుదుట రూపాయంత బొట్టుతో, ముక్కుకి రెండువైపులా పుడకలతో, నెరిసిన జుట్టు ముడేసుకున్న యాభయ్యేళ్ల ఆడమనిషి రాహేలుకేసి చల్లగా నవ్వుతోంది.